పిల్ల పడవలో వుంటే ఒడ్డున ఎవరు?

పిల్లని సంగీతం క్లాసుకి పంపుతున్నామంటే అందరూ మెచ్చుకుంటారు. కూచిపూడి అంటే "గజ్జెపూజ ఎప్పుడు?" అని అడుగుతారు. కరాటే అన్నా ఈ రోజుల్లో ఎవరూ కాదనరు. అదే "మా అమ్మాయి తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది" అని చెప్పి చూడండి! వింటున్నావిడ చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోతుంది. ఈత వచ్చా? ఆ చెరువు నీళ్ళు మురికి కాదూ? ఎండకి నల్లబడిపోదూ? మరి చదువో? అన్నీ ఒక్క గుక్కలో వచ్చేస్తాయి. మూడేళ్ళుగా వింటున్నాను కాబట్టి వీటన్నిటికీ నా దగ్గర జవాబులు పోపుడబ్బాలో దినుసుల్లా వరసగా వుంటాయి. ఏది కావాలంటే అది తీసి చెప్పేస్తాను.

మా అత్తగారు అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు నాకు అంత తేలిగ్గా దొరకలేదు. "అది నీళ్ళ మధ్యలో వుండగా ఏదైనా అయితే జవాబు చెప్పేదెవరే?" అన్నారావిడ. న్యాయమైన ప్రశ్న. బడికి పంపితే హెడ్మాస్టరున్నాడు, ఆస్పత్రికి పంపితే డాక్టరున్నాడు. ఒక చిన్న పడవ, ఒక తెరచాప, లోపల ఒంటరిగా పిల్ల. పక్కన ఎవరూ వుండరు. పడవ క్లబ్బులో అడిగితే "మాకు పైన అసోసియేషన్ నిబంధనలు వున్నాయండీ, వాటి ప్రకారమే అన్నీ" అన్నారు. ఆ పైన వున్నదెవరు, ఏం చేస్తారు, పిల్లలకి నిజంగా ఏం ఒరుగుతోంది అని కనుక్కోవడం అప్పుడు మొదలుపెట్టాను. తెలిసినంత మీకూ చెబుతాను. రేపు మీ పిల్లలే అడగొచ్చు.

మేముండేది సికింద్రాబాదు. మా అమ్మాయి నేర్చుకునేది హుస్సేన్ సాగర్లో. టాంక్ బండ్ మీద బజ్జీలు తింటూ మనం చూసే చెరువే. 1990లో బుద్ధుడి విగ్రహం పడవతో సహా మునిగిపోయి మనుషుల ప్రాణాలు పోయింది ఈ నీళ్ళలోనే. 1992లో బయటికి తీసి నిలబెట్టారు. నా వయసువాళ్ళకి హుస్సేన్ సాగర్ అంటే ముందు గుర్తొచ్చేది అదే, భయం వుండడంలో ఆశ్చర్యమేముంది? కానీ పడవవాళ్ళ లెక్క వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాల గాలి పడమటి వైపునుంచి ఈ చెరువు మీదికి బాగా వీస్తుంది. నాకు ఆరేసిన చీరలు ఎగిరిపోయే గాలి, వాళ్ళకి పండగ. అందుకే జూలైలో ఇక్కడ పందాలు పెడతారు, దేశం నలుమూలలనుంచీ పిల్లలు వస్తారు. సైన్యంవారి ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఈ ఒడ్డునే వుంది. 2009లో సుహీమ్ షేక్ గారు పెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ కూడా ఇక్కడిదే. డబ్బున్న ఇళ్ళ పిల్లలకే కాక, లేనివాళ్ళ ఆడపిల్లలకి కూడా పడవ నేర్పడంలో వాళ్ళకి మంచి పేరుంది.

క్లబ్బులన్నిటికీ పైన వుండేది యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. యాట్ అనగానే సినిమాల్లో కోటీశ్వరుడి తెల్లటి ఓడ కళ్ళముందుకొస్తుంది కదా! అలాంటిదేం కాదు. గాలితో నడిచే పందెపు పడవలకి మన దేశంలో పెద్దదిక్కు ఈ సంఘం. 1960లో ఏర్పడింది. మన నౌకాదళంతో దీనికి మొదటినుంచీ దగ్గర సంబంధం. దీనికీ పైన వరల్డ్ సెయిలింగ్ అని ప్రపంచ సంఘం వుంది, అది 1907లో పారిస్‌లో వేరే పేరుతో పుట్టింది. అంటే ఇంట్లో అమ్మ, ఊళ్ళో తాతయ్య, వంశానికి ఇంటిపేరు అన్నట్టు వరస. క్లబ్బు పిల్లకి పడవ ఇస్తుంది, నేర్పుతుంది. క్లబ్బుని జాతీయ సంఘం గుర్తిస్తుంది. జాతీయ సంఘాన్ని ప్రపంచ సంఘం గుర్తిస్తుంది. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా మన పిల్ల ఎంత బాగా నడిపినా బయటి దేశంలో పందెంలో నిలబడలేదు. "నేను బాగా నడుపుతాను, నన్ను ఒలింపిక్స్‌కి తీసుకోండి" అని ఎవరికి వాళ్ళు దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు. పడవ పందాల్లో చోటు దేశానికి వస్తుంది, ఆ చోట్లో ఎవరు వెళ్ళాలో సంఘం ఎంపిక చేస్తుంది.

ముందు పడవ గురించి కొంచెం చెప్పాలి. చిన్నపిల్లలకి ఇచ్చేదాని పేరు ఆప్టిమిస్ట్. ముక్కు కోసేసినట్టు వుంటుంది, స్నానాల తొట్టెకి తెరచాప కట్టినట్టు! 1947లో అమెరికాలో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం ప్లైవుడ్ చెక్కతో చవగ్గా తయారయ్యేలా గీశాడట. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పదిహేనేళ్ళు నిండే సంవత్సరం దాకా దీంట్లో పందాలకి వెళ్ళొచ్చు. లోపల గాలితిత్తులు వుంటాయి కాబట్టి బోల్తాపడినా మునగదు. నీళ్ళు నిండితే తోడి పోయడానికి ఒక డబ్బా తాడుతో కట్టి వుంటుంది. మొదటిసారి చూసి నేను నవ్వాను. ఖాళీ అయిన ప్లాస్టిక్ డబ్బాని ఏటవాలుగా కోసింది! మనం బియ్యం కొలుచుకోవడానికి కోసుకుంటామే, అచ్చం అలాగే.

లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కనివ్వరు, దానికి ఒక ఈల. ఇది మా క్లబ్బు కోచ్ దయతో పెట్టిన నియమం కాదు, ఆ రకం పడవకి ప్రపంచమంతటా వున్న నియమం. నేర్చుకునే తొలి రోజుల్లోనే పడవని కావాలని బోల్తా కొట్టించి, అడుగున పలకలా వుండే దాని మీద నిలబడి మళ్ళీ ఎలా నిలబెట్టాలో నేర్పుతారు. ఆ రోజు నేను ఒడ్డున వున్నాను. మా అమ్మాయి తల నీళ్ళలోంచి పైకి వచ్చేదాకా నాకు ఊపిరి ఆడలేదు. అది పైకొచ్చి పకపకా నవ్వుతోంది. పక్కనే మోటారు పడవలో కోచ్, ఇంకో మనిషి సిద్ధంగా వున్నారు. నేర్పేటప్పుడైనా, పందెం జరిగేటప్పుడైనా ఆ కాపలా పడవ వుండాల్సిందే. మా అత్తగారికి నేను ఇచ్చిన మొదటి సగం జవాబు ఇది.

మిగతా సగం పందాల రోజు తెలిసింది. పందెం అంటే పిల్లలు పడవలు వేసుకుని పరుగెత్తడమే అనుకుంటాం కదండీ. దానికి ముందు రోజే కొలతల మనుషులు వస్తారు. పడవ తూకం వేస్తారు, తెరచాప పరిచి కొలుస్తారు. ఉండవలసిన దానికన్నా తేలిగ్గా వుంటే సీసం ముక్కలు బిగిస్తారు. ఎందుకంటే తేలిక పడవ వేగంగా పోతుంది. డబ్బున్న తండ్రి మంచి పడవ కొనిచ్చి గెలిపించుకోకుండా, గెలుపు పిల్ల చేతుల్లోనే వుండాలని ఈ తూకం. ధర్మకాటా అన్నమాట! ఈ కొలతలు తెలిసిన మనుషుల్ని, పందెం నడిపించే అధికారుల్ని, తగవులు తీర్చే న్యాయనిర్ణేతల్ని తయారుచేసి గుర్తింపు ఇవ్వడం జాతీయ సంఘం పని. పేపర్లో గెలిచిన పిల్ల ఫోటో పడుతుంది గానీ, ఎండలో పొద్దుటినుంచీ పడవలో కూర్చుని గాలి దిక్కు చూసి గుర్తు బుడగలు అటూ ఇటూ జరిపిన మనిషి ఫోటో ఎక్కడా పడదు. మన వంటింటి పని లాంటిదే. చేస్తే కనిపించదు, మానితే ఇల్లంతా తెలుస్తుంది.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి. నీళ్ళ మీద పిల్లల మధ్య ఈల ఊది "నువ్వు తప్పు చేశావు" అనే అంపైరు సాధారణంగా వుండడు. తప్పు చేసినవాళ్ళు తామే ఒప్పుకుని, పడవని రెండు చుట్లు తిప్పి, అప్పుడు ముందుకి సాగాలి. కుడివైపునుంచి గాలి తగులుతున్న పడవకి, ఎడమవైపునుంచి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇవ్వలేదనుకోండి, చుట్లు తిరగాలి. ఆ చుట్లలో పది పడవలు దాటిపోతాయి. పోతే పోనీ. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకోకూడదు. ఎదుటివాళ్ళు తప్పు ఒప్పుకోకపోతే "ప్రొటెస్ట్" అని అరిచి చెప్పి, ఒడ్డుకొచ్చాక కాగితం రాసిస్తే విచారణ జరుగుతుంది.

కిందటేడు మా అమ్మాయి మీద అలాంటి కాగితం పడింది. ఒక గదిలో బల్ల వెనక ముగ్గురు పెద్దలు, బల్ల మీద బొమ్మ పడవలు. నేను బయట గుమ్మం దగ్గర నుంచున్నాను. పదమూడేళ్ళ పిల్ల, ఇంట్లో చుట్టాలొస్తే తలుపు చాటున నక్కే పిల్ల, ఆ బొమ్మ పడవల్ని జరుపుతూ "గాలి ఇటునుంచి వుందండీ, నేను ఇక్కడ వున్నాను" అని చెబుతుంటే వినపడింది. విచారణలో ఓడిపోయింది. ఆ పందెంలో దాని పేరు కొట్టేశారు. బయటికొచ్చి "వాళ్ళు చెప్పిందే కరెక్టమ్మా, నేను ఆలస్యంగా తిరిగాను" అంది. నాకు మాత్రం లోపల కుతకుతలాడిపోయింది. ఆ పెద్దల్ని రెండు మాటలు అడుగుదామని కూడా అనిపించింది. మావారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఎందుకో తెలుసా? ఈ ఆటలో తల్లిదండ్రులకి కూడా నిబంధనలున్నాయి! పిల్లకి సాయంగా వచ్చినవాళ్ళు అల్లరి చేస్తే వాళ్ళ మీద చర్య తీసుకోవచ్చు, పిల్లకి కూడా శిక్ష పడవచ్చు. పందెం జరుగుతుండగా ఒడ్డునుంచి "గాలి అటు మళ్ళిందే, అటు తిప్పు!" అని అరిచి సలహా ఇవ్వడం కూడా తప్పే. అమ్మల నోటికి తాళం వేసిన ఆట ఇదొక్కటేనేమో!

ఆ ముగ్గురు పెద్దలు నిబంధనని తప్పుగా అర్థం చేసుకున్నారనిపిస్తే దారి లేకపోలేదు. అప్పీలు జాతీయ సంఘానికి వెళుతుంది. దేశంలో ఆ నిబంధనలకి చివరి మాట వాళ్ళదే. మాకు ఆ అవసరం రాలేదు గానీ, ఆ దారి వుందని తెలియడమే నాకు ధైర్యమిచ్చింది. ఊళ్ళో క్లబ్బు పెద్దమనిషితో పేచీ వస్తే పిల్ల ఆట అక్కడితో ఆగిపోదన్నమాట.

ఆ నిబంధనల పుస్తకంలో మొట్టమొదటిది ఏమిటో మా అమ్మాయే చదివి వినిపించింది. ఆపదలో వున్న మనిషికి గానీ పడవకి గానీ చేతనైన సాయమంతా చెయ్యాలి, అదీ మొదటి నియమం. గెలవడం ఎలాగో తర్వాత. ఇది కాగితం మీద మాటేననుకోకండి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందాలు పూసాన్ దగ్గర సముద్రంలో జరిగాయి. కెనడాకి చెందిన లారెన్స్ లెమ్యూ తన పందెంలో రెండో స్థానంలో పోతున్నాడు. విపరీతమైన గాలి. వేరే పందెంలో వున్న సింగపూరు పడవ బోల్తాపడి ఇద్దరు నీళ్ళలో వున్నారు. ఆయన తన పందెం వదిలేసి వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇద్దర్నీ కాపాడాడు. వాళ్ళని అప్పగించాక మళ్ళీ పందెంలోకొచ్చేసరికి ఎంతోమంది దాటిపోయారు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో ఆయనకి రెండో స్థానమే ఇచ్చారు. పతకం రాలేదు గానీ పియర్ డి కూబర్టిన్ పతకమనే ప్రత్యేక గౌరవం దక్కింది. ఇది చెబితే మా అత్తగారు పూజ ఆపి మరీ విన్నారు. "అయితే మన పిల్ల పడితే పక్క పిల్లలు వదిలెయ్యరన్నమాట" అన్నారు. అవునండీ, అదే.

ఇక గెలుపు సంగతి. ఈ ఆటలో మార్కులు తిరగేసి వుంటాయి. మొదట వచ్చినవాళ్ళకి ఒకటి, రెండో వాళ్ళకి రెండు. ఎవరికి తక్కువొస్తే వాళ్ళే గెలిచినట్టు. చాలా పందాలు పెట్టి, అందులో అన్నిటికన్నా చెడ్డది ఒకటి తీసేసి లెక్క కడతారు. ఒక రోజు కూర మాడినా ఆ నెల వంటంతా చెడినట్టు కాదు కదా! 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ 11 పందాలు పూర్తిచేసి, చెడ్డది తీసేశాక 27 పాయింట్లతో వెండి పతకం తెచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. మధ్యప్రదేశ్‌లో దేవాస్ జిల్లా రైతు కుటుంబం. సముద్రం ఎక్కడో, ఆ పల్లె ఎక్కడో! భోపాల్ పెద్ద చెరువులో నేషనల్ సెయిలింగ్ స్కూల్లో నేర్చుకుంది. అంతకు ముందు 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన హర్షితా తోమర్‌ది కూడా ఆ భోపాల్ చెరువే. ఆ యేడే వర్షా గౌతమ్, శ్వేతా షెర్వేగర్ జంట వెండి తెచ్చింది. సముద్రం వుంటేనే పడవ అనుకునే మనకి, చెరువున్న ప్రతి ఊరూ పనికొస్తుందని చూపించారు.

ఒలింపిక్స్‌కి మన దేశంనుంచి 1972 నుంచే మగవాళ్ళు వెళ్ళారు. ఆడవాళ్ళలో అర్హత సాధించిన మొదటి మనిషి చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్, 2021 ఏప్రిల్లో ఒమాన్‌లో జరిగిన పోటీలో. అంటే దాదాపు యాభై ఏళ్ళు పట్టింది! ఇది తల్చుకుంటే నాకు కొంచెం కోపం కూడా వస్తుంది. టోక్యోకి ఆ యేడు మనవాళ్ళు నలుగురు వెళ్ళారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పడవ పందాలు మార్సెయ్ ఊళ్ళో జరిగితే, విష్ణు శరవణన్‌తో పాటు నేత్ర మళ్ళీ వెళ్ళి 21వ స్థానంలో నిలిచింది. టోక్యోలో వచ్చింది 35. మూడేళ్ళలో 14 మెట్లు! స్పెయిన్ దీవుల్లో, హంగేరీ కోచ్ దగ్గర నెలల తరబడి అభ్యాసం చేసింది. అలాంటి శిక్షణకి డబ్బు ఇంట్లో అల్మారాలోంచి రాదు. కేంద్ర ప్రభుత్వం క్రీడా సంఘాలకి శిక్షణ శిబిరాలకీ పోటీలకీ ఏటా సాయం చేస్తుంది, ఒలింపిక్స్ ఆశ వున్నవాళ్ళకి 2014లో మొదలైన టాప్స్ పథకం వుంది. ఈ సాయం కోసం లెక్కలు రాయడం, ఫలానా శిబిరం ఎందుకు కావాలో చెప్పడం, ఎంపిక పోటీలు పెట్టి వరస తేల్చడం... ఇవన్నీ సంఘం బల్ల మీద జరిగే పనులు. ఆట సామాను విదేశాలనుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం మినహాయింపు ఏర్పాటు కూడా జాతీయ క్రీడా సంఘాల ద్వారానే ఎక్కువగా నడుస్తుంది.

కానీ నా మాట చెప్పాలి కదా. పైమెట్టు మీద వున్నవాళ్ళకి అందినంత సాయం కింది మెట్టు మీద వున్న పిల్లకి అందదు. మా అమ్మాయి వయసు పిల్లలకి రైలు ఖర్చు, పోటీ ఫీజు, చేతి తొడుగులు, బూట్లు అన్నీ అమ్మానాన్నలే పెట్టుకోవాలి, లేదా క్లబ్బు దయ. మా ఇంటి ఖర్చుల పుస్తకంలో "పడవ" అని వేరే పేజీ తెరిచాను. ఆ పేజీ నిండిన నెలలో చీర కొనుక్కోవడం వాయిదా పడుతుంది. నాకైతే ఆ స్తోమత ఏదో వుంది. ఇద్దరు పిల్లల్ని ఒక్క జీతం మీద పెంచుతున్న తల్లి ఏం చేస్తుంది? ఇంగ్లండులో ఇలాంటి సంఘం 1875 నాటిది. ఇప్పుడు రాయల్ యాటింగ్ అసోసియేషన్ అంటారు. వాళ్ళు పందాల పిల్లల్ని చూసుకోవడంతో ఆగరు. సరదాకి పడవ నడిపేవాళ్ళకి మెట్లుమెట్లుగా పాఠాలు, సర్టిఫికెట్లు, వికలాంగులకి సెయిలబిలిటీ అని ప్రత్యేక కార్యక్రమం, సభ్యులకి చట్టం విషయంలో సలహా, ఇవన్నీ చేస్తారు. నలభై దాటిన నాలాంటిది కూడా అక్కడ సభ్యత్వం తీసుకుని హాయిగా పాఠం చెప్పించుకోవచ్చు. మనదీ అంత విశాలం కావాలని నా ఆశ.

ఆడపిల్లల తల్లులకి అసలైన బెంగ వేరే వుంది కదండీ. ఊరుగాని ఊరు పంపాలి. వెంట ఎవరొస్తారు? గదిలో ఎవరుంటారు? ఈ విషయంలో 2022లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జాతీయ క్రీడా సంఘాలన్నిటికీ గట్టిగా చెప్పింది, ఆడపిల్లలున్న బృందం శిబిరానికి గానీ పోటీకి గానీ వెళితే వెంట మహిళా కోచ్ వుండాలని. వేరే ఆటలో ఒక అమ్మాయి ధైర్యంగా ఫిర్యాదు చేశాక వచ్చిన నియమం అది. ఎప్పుడూ అంతే, ఎవరో ఒక పిల్ల బాధపడ్డాకే మనకి నియమాలు వస్తాయి! తర్వాత 2025లో జాతీయ క్రీడా పాలనా చట్టం చేశారు. దాని ప్రకారం జాతీయ సంఘాల కార్యవర్గంలో కనీసం నలుగురు ఆడవాళ్ళు వుండాలి, ఆటగాళ్ళకీ చోటుండాలి, ఆడవాళ్ళ, పిల్లల భద్రతకి ఒక పద్ధతి వుండాలి. కాగితం మీద నలుగురు, కుర్చీలో కూడా నలుగురు కావాలి. అది చూడాల్సింది మనలాంటి తల్లులే. నేను మాత్రం ఊరు పంపే ముందు మహిళా కోచ్ పేరు, ఫోను నెంబరు రాయించుకోకుండా సంతకం పెట్టను. "ఈవిడ మరీనూ" అని అనుకుంటే అనుకోనివ్వండి.

మన తెలుగు ఆడపిల్లలు ఇందులో తక్కువేం కాదు. 2017 సెప్టెంబరు 10న గోవానుంచి తారిణి అనే తెరచాప నావలో ఆరుగురు నౌకాదళ మహిళలు బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి, 254 రోజులకి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. అది పందెం కాదు, నౌకాదళం పని. అయినా తెరచాప తెరచాపే. హుస్సేన్ సాగర్లో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023 ఆసియా క్రీడల్లో ఇద్దరు కలిసి నడిపే పడవలో మన దేశం తరఫున దిగింది. మా అమ్మాయి గది గోడ మీద సినిమా తారల బొమ్మలు లేవు, వీళ్ళవే వున్నాయి.

ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్న గొడవ చెబుతాను. మా అమ్మాయి ఎదిగింది, ఆప్టిమిస్ట్‌కి బరువైపోయింది. ఇక ఇల్కా ఫోర్ అనే పడవకి మారాలి. ఇదివరకు దీన్నే లేజర్ 4.7 అనేవాళ్ళు. పొడవు 4 మీటర్ల పైన, పడవ ఒక్కటే 59 కిలోలు. సరిగ్గా ఇప్పుడే పదో తరగతి. మావారు "ఒక్క యేడు ఆపుదాం" అంటారు. కోచ్ గారు "ఈ వయసులో యేడాది ఆపితే కొత్త పడవ చేతికి రావడానికి మళ్ళీ చాలా రోజులు పడుతుంది" అంటారు. పిల్ల ఏమీ అనదు. అన్నం కెలుకుతూ కూర్చుంటుంది. నేను ఏం చేశానంటే, సంఘం యేడాది పోటీల పట్టిక తెప్పించాను. దాన్ని వంటింట్లో పంచాంగం కాలెండరు పక్కన మేకుకి తగిలించి, బడి పరీక్షల తేదీలు ఎర్రరంగుతో రాశాను. రాస్తే ఏం తేలిందంటే, మన ఊళ్ళో జూలై పందాలకీ బడికీ అసలు పేచీయే లేదు. చలికాలం, పరీక్షల ముందు వచ్చే వేరే ఊళ్ళ పోటీలు రెండు మానేస్తే చాలు. ర్యాంకు కొంచెం దిగుతుంది. దిగనీ, చెడ్డ పందెం తీసేసే ఆటే కదా! పట్టిక ముందే చేతిలో వుండబట్టి ఇంట్లో ఇద్దరూ చూసి మాట్లాడుకోగలిగాం. మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "అర్ధసంవత్సరం మార్కులు చూశాక" అన్నారు. సభ్యత్వం కాగితం మీద మాత్రం తల్లి సంతకం నేను పెట్టేశాను. అది లేనిదే జాతీయ పోటీలో పేరు రాసుకోరు మరి.

మీలో ఎవరైనా పిల్లల్ని పంపాలనుకుంటే ముందు క్లబ్బుకి జాతీయ సంఘం గుర్తింపు వుందో లేదో అడగండి. సిగ్గుపడకండి, కూరగాయలు ఏరుకునేటప్పుడు సిగ్గుపడతామా? కాపలా పడవ ఎన్ని పిల్లల పడవలకి ఒకటి తిరుగుతుంది, లైఫ్ జాకెట్ మీ పిల్ల కొలతకి సరిపోయిందా, ఆడకోచ్ వుందా, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది వుందా, ఇవన్నీ కళ్ళతో చూడండి. ఈత వస్తే మంచిది, రాకపోతే ముందు అది నేర్పించండి. చేతుల నిండా వుండే చొక్కా, టోపీ తప్పనిసరి. టోపీకి తాడు కట్టి చొక్కాకి పిన్నీసు పెట్టండి, లేకపోతే వారానికో టోపీ చెరువు పాలు.

పెరుగన్నం పెట్టకండి, పడవలో నిద్రొస్తుందంటారు పిల్లలు. పొద్దున్నే ఉప్మా, డబ్బాలో పులిహోర. చల్లారినా బావుంటుంది, తడిచేతులతో స్పూను పెట్టి తినెయ్యొచ్చు. ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసం సీసా ఒకటి వేరే. ఇంటికొచ్చాక ఆ బట్టలు మిగతా బట్టల్లో కలపకండి. చెరువు నీళ్ళ వాసన ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. వేరే బకెట్లో వేడినీళ్ళు పోసి, కాస్త డెట్టాల్ వేసి గంటసేపు నానబెట్టి, అప్పుడు ఉతకండి. పిల్లకి కూడా ముందు స్నానం, తర్వాతే కబుర్లు.